ఎప్పుడూ ఫోన్‌లో ఉండే అమ్మాయి మార్కెటింగ్‌లో రాణిస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీకామ్ చివరి ఏడాది. ఎంబీఏ వద్దంటోంది. యువతకు బ్రాండ్లను దగ్గర చేయడం నేర్పే ఆరు నెలల డిజిటల్ మార్కెటింగ్ కోర్సులో చేరుతుందట. రోజంతా ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి తనకు సులువేనంటుంది. మా అక్క కొడుకు ఎంబీఏ చేసి స్థిరపడ్డాడు. ఏది మంచిది? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సుల గురించే అయినా మీ భయం వేరు. ఫోన్‌తో కాలక్షేపం చేస్తూ దానికే ఉద్యోగమని పేరు పెడుతోందేమోనని మీ అనుమానం. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ముందు ఆ భయం తీసేయండి. ప్రపంచంలో ప్రకటనల మీద పెట్టే ఖర్చులో సగానికి పైగా ఇప్పుడు డిజిటల్‌కే వెళ్తోంది. పని ఉంది, జీతమూ ఉంది.

నా సందేహం మీ అమ్మాయి వాదన మీద. రీల్స్ చూడటం వేరు, చూసేవాళ్లు ఎందుకు ఆగుతారో, ఎందుకు కొంటారో తెలుసుకోవడం వేరు. 2017లో పెప్సీ యువతను ఆకట్టుకోవాలని ఒక ప్రకటన తీసింది. నిరసన ప్రదర్శనలో పేరున్న మోడల్ పోలీసుకు డ్రింక్ అందిస్తే గొడవ సద్దుమణిగినట్టు చూపించారు. ఉద్యమాలను అమ్మకాలకు వాడుకుంటున్నారని జనం మండిపడ్డారు. మర్నాడే దాన్ని వెనక్కి తీసుకుని క్షమాపణ చెప్పారు. డబ్బుకు, స్టార్లకు కొదవలేని కంపెనీకే గురి తప్పింది. అదే భాషలు నేర్పే డ్యూలింగో యాప్‌ను చూడండి. పాఠాలు ఎగ్గొడితే గుర్తుచేస్తూ వెంటపడే దాని గుడ్లగూబ బొమ్మ మీద యూజర్లు వేసుకుంటున్న జోకులనే టిక్‌టాక్‌లో తన ప్రచారంగా మార్చుకుంది. కుర్రకారు తమలో తాము ఏం మాట్లాడుకుంటున్నారో ముందు విన్నారు. అసలు పని ఆ వినడమే.

ఇక ఈ ఆరు నెలల కోర్సులు. చాలావాటిలో నేర్పేది ఏ యాప్‌లో ఏ బటన్ నొక్కాలనే. ఆ బటన్లు ఏడాది తిరిగేసరికి మారిపోతాయి. ఒకప్పుడు యువత ఎగబడ్డ చిన్న వీడియోల యాప్ వైన్ (Vine) 2017లో మూతపడింది. 2021లో ఆపిల్, ప్రకటనల కోసం ఐఫోన్‌లో మనం ఏమేం చేస్తున్నామో ట్రాక్ చేయాలంటే యాప్‌లు ముందు మన అనుమతి అడగాలని పెట్టింది. దానివల్ల 2022లో తమకు దాదాపు 1,000 కోట్ల డాలర్ల ఆదాయం తగ్గుతుందని ఫేస్‌బుక్ యజమాని మెటాయే లెక్కవేసింది. యూరప్‌లోనైతే మైనర్ల వివరాలను బట్టి వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపడం నిషేధం. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు బటన్లు మాత్రమే తెలిసినవాళ్లు దిక్కులు చూస్తారు. పైగా గూగుల్‌లో ప్రకటనలు నడపడం వచ్చని చెప్పే గూగుల్ యాడ్స్ సర్టిఫికెట్ గూగుల్ దగ్గరే ఉచితంగా దొరుకుతుంది. దానికోసం ఫీజు కడతానంటే నేను ఒప్పుకోను.

మీతోనూ ఒక మాట. కోపం తెచ్చుకోకండి. అక్క కొడుకు ఎంబీఏ గురించి రాశారు గానీ, మీ అమ్మాయి ఆ ఫోన్‌లో ఏం చూస్తుందో ఒక్క ముక్క రాయలేదు. ఎప్పుడైనా పక్కన కూర్చుని అడిగారా? ఏదైనా ప్రకటన చూసి "ఇది తేలిపోయింది, ఇలా చెప్పి ఉండాల్సింది" అంటుందా? అలా అనే పిల్ల అయితే ఆమెలో సరుకు ఉన్నట్టే. అడగకుండా ఆ పిల్లాడితో పోల్చడం మాత్రం న్యాయం కాదు.

ఏ ఫీజూ కట్టకముందు రెండు నెలలు ఒక ప్రయోగం చేయించండి. తెలిసినవాళ్ల చిన్న వ్యాపారమో, కాలేజీ క్లబ్బో చూసుకుని దాని పేజీ నడపమనండి. ఒకే విషయాన్ని రెండు రకాలుగా రాసి పెట్టాలి. ఎంతమంది చూశారన్నది పక్కనపెట్టి, ఎంతమంది కొన్నారో, ఎంతమంది చేరారో రాసుకోవాలి. చూసి వదిలేసినవాళ్లలో కొందరిని కలిసి కారణం అడగాలి. ఆ లెక్కలు విసుగనిపిస్తే రాతలోనో, డిజైన్‌లోనో, వీడియోలోనో దారి వెతుక్కోవచ్చు, అదీ ఇదే రంగం. లెక్కలే ఆసక్తిగా అనిపిస్తే రెండు మూడేళ్లు ఉద్యోగం చేశాక ఎంబీఏ ఆలోచించవచ్చు. అప్పుడు క్లాసులో చెప్పేది బాగా ఒంటబడుతుంది. ఈ ఏడాది చేరకపోతే కొంప మునగదు.

ఇంతా అయ్యాక కూడా కోర్సే కావాలంటే అక్కడికి మీరూ వెళ్లండి. పాత విద్యార్థులు సొంతంగా నడిపిన క్యాంపెయిన్లు, వాటి ఫలితాల అంకెలతో సహా చూపించమనండి. ప్లేస్‌మెంట్ ఫొటోలు మాత్రమే చూపిస్తే లేచి వచ్చేయండి.