మోడరేటర్ గారు వస్తున్నారంటే...

చిరంజీవి మేనల్లుడికి మీ మావయ్య ప్రభువునందు దీవించి వ్రాయునది.

మీ ప్రెస్బిటేరియన్ సంఘానికి మన పై సభ అధ్యక్షుడు, మోడరేటర్ గారు వస్తున్నారని, ఏర్పాట్లన్నీ నీ నెత్తిన పడ్డాయని అమ్మ ఫోన్‌లో చెప్పింది. టెన్షన్‌తో అన్నం కూడా సరిగ్గా తినడం లేదట. ముందు తిను, తర్వాత ఇది చదువు.

తేదీ ఖాయం కాకపోతే ఫిబ్రవరి చివర్లో అడుగు. అప్పటికి దాళ్వా (రెండో పంట) ఊడ్పులు అయిపోతాయి, ఎండలు ముదరవు. జనవరిలో పెడితే మన ఆడవాళ్లు సగం మంది చేలల్లోనే ఉంటారు. కూలి మానుకుని రమ్మని ఏ మొహంతో అడుగుతాం? ఆరాధన పొద్దున్నే పెట్టినా, సంఘంతో మాట్లాడే కూటం మాత్రం రాత్రి ఏడింటికి పెట్టు.

ఫ్లెక్సీలు, గజమాల, బాణసంచా కావాలని కుర్రాళ్లు పట్టుబడతారు. ఒక్క శాలువా చాలు. ప్రెస్బిటేరియన్ పద్ధతిలో బిషప్పు ఉండడు. సభ నడపడానికి తోటివాళ్లు ఎన్నుకున్న మనిషే మోడరేటర్. స్కాట్లండ్ సంఘంలో అయితే ఏడాదికొకరు మారతారు. అలాంటి మనిషిని ఊరేగిస్తే ఆయనకే ఇబ్బంది. కుర్రాళ్లు మొహం ముడుచుకుంటారు, ముడుచుకోనీ.

అర్జీల కట్ట కూడా ఆయన చేతిలో పెట్టకండి. సమాధుల స్థలం, పాస్టరు గారి జీతం బాకీ లాంటివి ఆయన ఒక్కడే మంజూరు చేసేవి కావు. సెషన్‌లో, అంటే మీ సంఘ పెద్దల సభలో, తీర్మానం రాసి చుట్టుపక్కల సంఘాల సభ అయిన ప్రెస్బిటరీకి పంపాలి. అక్కడ తేలకపోతే దాని పై సభ సినడ్‌కు వెళ్తుంది. ఆయన రాకముందే పంపించి, కాపీ చూపిస్తే సరిపోతుంది.

నేను అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. ఉన్నదున్నట్టు చూపించు. పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో జనాన్ని తెచ్చి గుడి నింపే అలవాటు మన దగ్గర బాగా ఉంది. నిండిన గుడి చూసి వెళ్లిన నాయకుడు పై సభలో "అక్కడంతా బాగుంది" అంటాడు. మీ ఊరి సంగతి అంతటితో సరి. అందుకని బాప్తిస్మాల, పెళ్లిళ్ల, సమాధుల రిజిస్టర్లు మూడూ బల్ల మీద పెట్టు. పదేళ్ల లెక్క ఒక కాగితం మీద రాయి. కువైట్ వెళ్లిందెవరు, హైదరాబాద్‌లో స్థిరపడిందెవరు, పక్క వీధి ఇండిపెండెంట్ చర్చిలో చేరి మళ్లీ ముంచుడు బాప్తిస్మం తీసుకున్నదెవరు, అన్నీ.

ఆ చివరి సంగతి దగ్గర కాసేపు ఆగాలి. మనం పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తాం. 1830ల నుంచి నరసాపురం వైపు బ్రదరెన్ శాఖ వాళ్లు, 1874 నుంచి కాకినాడలో కెనడా బాప్టిస్టులు విశ్వసించిన తర్వాతే బాప్తిస్మం అంటూ వచ్చారు. కాలేజీలో స్నేహితుడు "నీది అసలు బాప్తిస్మమేనా?" అంటే మన పిల్లలు తెల్లమొహం వేస్తున్నారు. ఆ ప్రశ్న వాళ్లనే మోడరేటర్ గారిని అడగనివ్వు. పెద్దలు మధ్యలో దూరి "అలా అడక్కూడదు" అనకుండా చూసుకో.

ఇంత చిన్న శాఖ విడిగా ఎందుకని కూడా ఎవరో అంటారు. అననీ. దక్షిణాదిలో ప్రెస్బిటేరియన్లు 1908లో కాంగ్రిగేషనల్ శాఖ వాళ్లతో కలిశారు. 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులతో కూడి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయ్యారు. అందులో చేరకుండా విడిగా ఉన్న మనం ఎందుకున్నామో చెప్పుకోగలగాలి. నేనైతే చెప్పగలను గానీ, ఆ జవాబు మీ నోటి నుంచి రావాలి.

ఆయన ప్రసంగం భవిష్యత్తు మీద, నిరీక్షణ మీద ఉంటుంది. సంఘం వైపు నుంచి కూడా ఒక మాట సిద్ధంగా ఉంచండి. మిజోరంలో ప్రెస్బిటేరియన్ ఆడవాళ్లు 1910 నుంచి వంట చేసిన ప్రతిసారీ పిడికెడు బియ్యం సంఘానికని తీసి పెడుతున్నారు. ఆ బియ్యం అమ్మిన డబ్బుతో సువార్తికుల్ని పంపుతున్నారు. రెండు పంటలు పండే డెల్టాలో ఉండి మనకెందుకు చేతకాదో నాకు అర్థం కాదు. మీ స్త్రీల సమాజం నిజంగా మొదలుపెట్టేట్టయితేనే ఆ రాత్రి వాళ్లతో చెప్పించు. మొహమాటానికి మాత్రం వద్దు.

భోజనం పాస్టరు గారింట్లో కాకుండా ఎవరైనా కూలి కుటుంబం ఇంట్లో పెట్టించు, సరుకులు మీరు కొనివ్వండి. పులస కోసం పరుగులు పెట్టకండి, అది వరద నీళ్లకొచ్చే చేప. కోడికూర, చారు చాలు. నరసాపురం వైపు నుంచి వస్తే చించినాడ వంతెన మీదుగా తిప్పకుండా గోదావరి దాటించే పంటు (పడవ) ఎక్కించు. మనవాళ్లు కూలికి ఎలా వెళ్తారో దారిలోనే చూస్తారు.

ఆయన వెళ్లిన వారంలోపు, ఏమేం చెప్పారో సెషన్ మినిట్స్‌లో రాయించి ఒక కాపీ ఆయనకు పోస్టు చేయి. ఇచ్చిన మాట మర్చిపోవడం మోడరేటర్లకూ మామూలే.

మీ మావయ్య