ప్రసంగంలో సినిమా ప్రస్తావన

ప్రశ్న: మాది లూథరన్ సంఘం. మా అయ్యగారు ఆదివారం ప్రసంగాలలో సినిమా సన్నివేశాలను ఉదహరిస్తుంటే సంఘ పెద్దలు అభ్యంతరపెడుతున్నారు. మన బోధ ప్రకారం ఇది తప్పా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తప్పు కాదండీ. మన సంఘానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ రాసిన ఒక క్రిస్మస్ కీర్తన 1535లో అచ్చయినప్పుడు, దానికి ఆనాడు జనం పాడుకునే ఒక పొడుపు పాట రాగాన్నే కట్టారు. 1539 నాటికి అదే కీర్తన వేరే రాగంతో వెలువడింది. లోకుల రాగాన్ని తీసుకోవడానికి ఆయన వెనకాడలేదు, దాన్నే పట్టుకుని వేలాడనూ లేదు.

అసలు చూడవలసింది ఆ ఉదాహరణ సువార్తను వినిపిస్తున్నదా, లేక దాని స్థానాన్ని ఆక్రమిస్తున్నదా అన్నది. మన సినిమాలలో దారితప్పిన కొడుకు సాధారణంగా కష్టపడి, తన యోగ్యతను నిరూపించుకున్న తరువాతే తండ్రి కరుగుతాడు. లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని కథలోనైతే కొడుకు నోరు తెరవకముందే, ఇంకా దూరంగా ఉండగానే, తండ్రి పరుగెత్తి వెళ్ళి మెడమీదపడి ముద్దుపెట్టుకుంటాడు. ఈ తేడాను చెప్పకుండా సన్నివేశాన్ని మాత్రమే వర్ణిస్తే, క్రియలవల్లనే క్షమాపణ దొరుకుతుందన్న భావంతో, అంటే లూథర్ జీవితమంతా ఎదిరించిన భావంతోనే, విశ్వాసులు ఇంటికి వెళతారు. మీ పెద్దలు సినిమా పేరెత్తవద్దని కాక, ఈ తేడాను స్పష్టంగా చెప్పమని అయ్యగారిని కోరడం మంచిది.