యాసిడ్ పోస్తే హార్డ్‌నెస్ తగ్గుతుందా?

ప్రశ్న: చేవెళ్ళ దగ్గర మా తోటలో చిన్న స్విమ్మింగ్ పూల్ ఉంది. 60 వేల లీటర్లు పడుతుంది. నీళ్ళన్నీ బోరువే. అంచు టైల్స్‌కు తెల్లగా గార కడుతోంది, నీళ్ళు మసకబారుతున్నాయి. టీడీఎస్ మీటరు పెట్టి చూస్తున్నాం. యాసిడ్ పోస్తే హార్డ్‌నెస్ తగ్గుతుందని పనివాళ్ళు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, రంగారెడ్డి జిల్లా

జవాబు: తగ్గదమ్మా. యాసిడ్ పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార స్థాయిని), ఆల్కలినిటీని (ఆమ్లాన్ని తట్టుకునే శక్తిని) దించుతుందంతే. హార్డ్‌నెస్ అంటే ముఖ్యంగా నీళ్ళలో కరిగిన కాల్షియం, అది ఎక్కడికీ పోదు. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన మొత్తం పదార్థాలు) మీటరూ ఈ పనికి రాదు, మామూలు ఉప్పునూ కాల్షియాన్నీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది.

కాల్షియం హార్డ్‌నెస్ చూసే చుక్కల కిట్ తెప్పించుకోండి. మోచేతి లోతున సీసా ముంచి నీళ్ళు తీయండి. బఫరు, రంగు మందు వేయగానే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. తర్వాత మూడో మందు ఒక్కో చుక్కా వేస్తూ, ప్రతి చుక్కకూ సీసా తిప్పాలి. నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో ఉన్నన్నాళ్ళూ చూశాను, ఊదా రంగు రాగానే ఆపేసేవాళ్ళే ఎక్కువ. ఆపకండి. ఎరుపు ఛాయ పూర్తిగా పోయి నీలం నిలవాలి. చుక్క ఒక్కింటికి ఎన్ని పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) అన్నది కిట్ మీదే ఉంటుంది, వేసిన చుక్కల లెక్కను దాంతో హెచ్చించండి. 200 నుంచి 400 పీపీఎం మధ్య ఉంటే మంచిది.

ఎక్కువైతే కొంత నీరు తోడేసి, హార్డ్‌నెస్ తక్కువున్న నీళ్ళు కలపడమే దారి. పూల్ 600, కొత్త నీళ్ళు 100 ఉన్నాయనుకోండి. 24 వేల లీటర్లు మారిస్తే 400కు దిగుతుంది. ట్యాంకరు నీళ్ళనూ ముందు పరీక్షించండి, అదీ బోరు నీరే కావచ్చు. నన్నడిగితే వాననీరే మేలు. 100 చదరపు మీటర్ల డాబా మీద 10 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 10 వేల లీటర్లు. వానాకాలంలో మాత్రం పూల్ మొత్తం ఖాళీ చేయకండి, భూగర్భజలం పైకొచ్చి అడుగును ఎత్తేసే ప్రమాదముంది.

మీ క్లోరిన్ పౌడర్ డబ్బా కూడా చూడండి. కాల్షియం హైపోక్లోరైట్ అని ఉంటే, వేసిన ప్రతిసారీ కాల్షియం పెరుగుతున్నట్టే. ఎండకు నీరు ఆవిరై, ఆ లోటును బోరుతో నింపినా అంతే. ద్రవరూపంలో దొరికే సోడియం హైపోక్లోరైట్‌కు మారండి. హార్డ్‌నెస్ దిగేదాకా పీహెచ్ 7.2–7.4 దగ్గర ఉంచితే కొత్త గార అంతగా పట్టదు. అందుకు యాసిడ్ కావాలి, కొద్దికొద్దిగానే. అది క్లోరిన్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది. రెండూ ఒకే గదిలో ఉంటే ఇవాళే వేరు చేయించండి, కొలిచే మగ్గులు కూడా.