ఫారం తర్వాత, ముందు బురద సంగతి చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఫోన్ వచ్చిన దగ్గర నుంచి అదే ఆలోచిస్తున్నాను. చౌటుప్పల్ దగ్గర మూడెకరాలు లీజుకు తీసుకుని, హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల ఎస్‌టీపీల (మురుగునీటి శుద్ధి ప్లాంట్ల) నుంచి స్లడ్జ్, అంటే బురద, తెచ్చి ఎరువు చేస్తానన్నావు. చాలా సంతోషమేసింది. ప్రతి అపార్ట్‌మెంటూ ఎస్‌టీపీ పెట్టుకుంటోంది కానీ, అందులోంచి తీసిన బురద ఎక్కడికి పోతోందని అడిగేవాళ్లు లేరు. రాత్రిపూట చెరువు కట్ట పక్కన దింపేసి పోయే లారీలను నా సర్వీసులో చాలానే చూశాను.

యార్డు కట్టడానికి కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) ఇచ్చే అనుమతి, అదే సీఎఫ్‌ఈ, దాని ఫారం ఎలా నింపాలి మామయ్యా అని అడిగావు. నింపడం ఒక సాయంత్రం పని. అది అడిగే వివరాలు సంపాదించడానికే నెలలు పడుతుంది. ఆ సంగతే ముందు రాస్తాను.

మొదట, బురద ఎవరి దగ్గర నుంచి వస్తోందో తేల్చుకో. ఇళ్ల మురుగునీటి స్లడ్జ్ వేరు, ఫ్యాక్టరీ వ్యర్థ జలాలను శుద్ధి చేసే ప్లాంటులో తేలే కెమికల్ స్లడ్జ్ వేరు. రెండోది 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందకు వస్తుంది. దాన్ని దుండిగల్‌లో ఉన్న టీఎస్‌డీఎఫ్ (ప్రమాదకర వ్యర్థాలను శుద్ధి చేసి పూడ్చే కేంద్రం) లాంటి చోటికి పంపాల్సిందే తప్ప నీ యార్డులో దించకూడదు. ఒక్క లారీ కలిసినా కుప్పంతా పాడవుతుంది. అందుకని ప్రతి కమ్యూనిటీతోనూ రాతపూర్వకంగా ఒప్పందం చేసుకో. అందులో ఎస్‌టీపీ సామర్థ్యం, నెలకు ఎంత స్లడ్జ్ ఇస్తారు, బురదలో నీళ్లు పిండేసే ఫిల్టర్ ప్రెస్ ఉందా లేదా అన్నీ ఉండాలి. పీసీబీ ఇంజినీరు మొదట అడిగేది ఈ కాగితాలే.

తర్వాత పరీక్షలు. ఒక మూల నుంచి గుప్పెడు తీసి పంపితే సరిపోదు. పది చోట్ల తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి అందులోంచి శాంపిల్ తీయాలి. క్రిముల పరీక్షకు విడిగా, శుభ్రమైన డబ్బాలో, ఐస్ పెట్టి అదే రోజు ల్యాబ్‌కు చేర్చు. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కే ఇవ్వు. సిటీ కంపోస్టుకు (పట్టణ చెత్తతో చేసే ఎరువుకు) ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో ఉన్న హద్దులు దగ్గర పెట్టుకుని రిపోర్టు చదువు. కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, సీసం 100, నికెల్ 50, క్రోమియం 50, రాగి 300, జింక్ 1000 దాటకూడదు. జింక్ మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచు, పాత జీఐ (జింక్ పూత పూసిన ఇనుప) పైపులున్న భవనాల నుంచి అది ఎక్కువగా వస్తుంది.

క్రిముల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు మోసపోయేది ఇక్కడే. ఎప్పుడైనా ఎస్‌టీపీలో బురద ఆరబెట్టే డ్రైయింగ్ బెడ్ల దగ్గర నిలబడి చూడు. బురద ఎండి, ఎండాకాలం చెరువులా నెర్రెలిచ్చి ఉంటుంది. ఆ నెర్రెల్లో పచ్చగా టమాటా మొక్కలు కనిపిస్తాయి. ఎవరూ నాటినవి కావు. మనం తిన్న టమాటా గింజలే కడుపులోంచి, పైపుల్లోంచి, ప్లాంటులోంచి బతికి బయటపడి మొలిచాయి. గింజ బతికిందంటే ఏలికపాము గుడ్డు కూడా బతికే అవకాశం ఉంది. చేత్తో నలిపితే పొడిమట్టిలా రాలుతుంది, వాసన కూడా ఉండదు. అయినా అది ఇంకా ఎరువు కాలేదు.

కుప్పలో వేడి పుట్టాలి. మురుగు బురద వాడకం మీద అమెరికాలో 1993 నుంచి ఉన్న 503 నిబంధనల ప్రకారం, వరుస కుప్పలు పోసి చేసేవాళ్లు 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు ఉంచాలి, ఆ లోపల 5 సార్లు తిరగేయాలి. నువ్వూ అదే పద్ధతి పెట్టుకో. ఉత్త స్లడ్జ్‌లో నత్రజని ఎక్కువ, కర్బనం చాలదు. వరిగడ్డి, ఎండుటాకులు, కొబ్బరిపొట్టు కలిపితేనే వేడి నిలబడుతుంది. పొడవాటి థర్మామీటర్ కొని రోజూ మూడు చోట్ల గుచ్చి చూసి, రిజిస్టర్‌లో రాయించు. సెప్టేజ్ (సెప్టిక్ ట్యాంకుల బురద) మీద మన కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2013లో ఇచ్చిన సలహా పత్రంలో ఎండు గ్రాముకు ఫీకల్ కోలిఫామ్ (మలంలో ఉండే బ్యాక్టీరియా) 1000 లోపు, పురుగు గుడ్లు ఒకటి లోపు ఉండాలని ఉంది. అక్కడిదాకా దించగలనని నీ ప్రాసెస్ నోట్‌లో లెక్కలతో చూపించు.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక చిన్న పట్టణంలో ఇలాంటి యార్డే నా చేతుల మీదుగా మొదలైంది. అనుమతులన్నీ ఉన్నాయి. పక్క ఊరివాళ్లతో మాత్రం ఒక్కసారి కూడా కూర్చుని మాట్లాడలేదు. కుప్పల మీద కప్పు లేదు, వచ్చే నెల వేద్దాంలే అనుకున్నాం. ఆషాఢంలో మొదటి గట్టి వానకు నల్లటి నీళ్లు పారి దిగువనున్న ఒక రైతు బావిలో కలిశాయి. మర్నాడు ఆ పెద్దాయన నన్ను బావి దగ్గరికి తీసుకెళ్లి, చేద వేసి నీళ్లు తోడి నా ముందు పెట్టాడు. ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ ఆ చేద నా కళ్లముందే ఉంటుంది.

కాబట్టి నీ లేఅవుట్‌లో కప్పు, సిమెంటు నేల, చుట్టూ కాలువ, ఊట నీళ్లు పట్టే గుంట ఇవన్నీ మొదటి రోజు నుంచే ఉండాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎరువు ఎండదు, రైతులు కొనరు, అయినా లారీలు ఆగవు. ఆ నాలుగు నెలల సరుకు ఎక్కడ నిల్వ చేస్తావో డ్రాయింగులో చూపించు. పంచాయతీకి వెళ్లి సర్పంచ్‌తోనే కాదు, దిగువ పొలాల రైతులతో కూడా మాట్లాడు. పని మొదలవ్వకముందే వాళ్ల బోర్ల నీళ్లు పరీక్ష చేయించి, రిపోర్టు కాపీ వాళ్ల చేతికే ఇవ్వు.

ఇక కాగితాల వరుస. లీజు రిజిస్టరై ఉండాలి, నాలా కన్వర్షన్ (వ్యవసాయ భూమిని వ్యవసాయేతర వాడకానికి మార్చడం) అయి ఉండాలి. కట్టడానికి ముందు సీఎఫ్‌ఈ, కట్టాక నడపడానికి ముందు సీఎఫ్‌ఓ, అంటే నడిపే అనుమతి. సీఎఫ్‌ఈ వచ్చింది కదా అని ట్రయల్ పేరుతో లారీలు దించొద్దు. జల కాలుష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం, దరఖాస్తు పెట్టిన నాలుగు నెలల్లో ఏ నిర్ణయమూ రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. దాన్ని నమ్ముకుని పని మొదలుపెట్టకు, మధ్యలో ఒక్క క్వెరీ వచ్చినా ఆ లెక్క మీద వాదన తప్పదు. క్వెరీ వస్తే టెన్షన్ పడకుండా వారంలోపు జవాబివ్వు. తిరస్కరిస్తే 28వ సెక్షన్ కింద అప్పీలుకు 30 రోజుల గడువుంది. రైతులకు అమ్మాలంటే వ్యవసాయ శాఖ అనుమతి వేరేగా కావాలి, జిల్లా వ్యవసాయ అధికారిని ఇప్పుడే కలువు.

నీ దగ్గర పనిచేసేవాళ్లకు గ్లౌజులు, బూట్లు, స్నానానికి నీళ్లు, ధనుర్వాతం టీకా, ఆరు నెలలకోసారి నులిపురుగుల మందు తప్పనిసరి. ఏ అపార్ట్‌మెంటువాళ్లు ఎంత బతిమాలినా మన మనిషి ట్యాంకులోకి దిగకూడదు. రక్షణ లేకుండా మనుషులను అలా దించడాన్ని నిషేధించిన 2013 చట్టం సంగతి అటుంచు, ఆ పనివాళ్ల పిల్లల మొహాలు గుర్తుపెట్టుకో.

వచ్చే ఆదివారం రా. సర్వే నంబరు పటం తీసుకురా. చుట్టుపక్కల బావులు, బోర్లు, కాలువ, దగ్గర్లోని ఇల్లు ఎంత దూరంలో ఉన్నాయో నడిచి, టేపుతో కొలిచి రాసుకురా. ఫోన్‌లో మ్యాప్ చూసి వేసిన దూరాలు నాకొద్దు.

మీ మామయ్య