టెక్ సందేహాలు: క్రోమ్ నత్తనడక నడుస్తోంది, ఫార్మాట్ కొట్టించాలా?

ప్రశ్న: పాలకొల్లులో చిన్న ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నానండి. ఉద్యోగాల దరఖాస్తులు, రైలు టికెట్లు, పాన్ కార్డు పనులు రోజంతా క్రోమ్‌లోనే చేస్తాను. మూడేళ్ళ కిందట కంప్యూటర్ కొన్నప్పుడు క్లిక్ చేయగానే తెరుచుకునేది. ఇప్పుడు ఒక పేజీ రావడానికి నిమిషం పడుతోంది, కస్టమర్లు విసుక్కుంటున్నారు. 4 జీబీ ర్యామ్, విండోస్ 10. తెలిసినాయన ఫార్మాట్ కొట్టించమంటున్నారు. నిజంగా అవసరమా?

జవాబు: తొందరపడకండమ్మా. శివారు పొలానికి నీళ్ళు అందకపోతే ముందు కాలువలో గుర్రపుడెక్క ఎక్కడ అడ్డుపడిందో చూస్తాం గానీ, ధవళేశ్వరం బ్యారేజీని కూల్చి మళ్ళీ కట్టమనం కదా! మీరూ ముందు అడ్డు ఎక్కడుందో చూడండి.

మొదట ఇది నెట్ సమస్యా, బ్రౌజర్ సమస్యా తేల్చుకోవాలి. అదే వైఫైతో మీ ఫోన్‌లో అదే సైట్ తెరవండి. ఫోన్‌లోనూ రాకపోతే తప్పు మీ కంప్యూటర్‌ది కాదు. పరీక్షా ఫలితాల రోజున, దరఖాస్తుల గడువు చివరి రోజున సైట్లే మొరాయిస్తాయి. అప్పుడు మీరెన్ని సెట్టింగులు మార్చినా లాభం ఉండదు.

ఫోన్‌లో బాగానే వస్తే క్రోమ్‌లో పైన కుడివైపు మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి గెస్ట్ విండో తెరవండి. గెస్ట్‌లో మీ ఎక్స్‌టెన్షన్లు, అంటే క్రోమ్‌కి అదనంగా తగిలించుకున్న చిన్న ప్రోగ్రాములు, ఏవీ పనిచేయవు. అక్కడ పేజీలు చకచకా వచ్చాయంటే మీ ప్రొఫైల్‌లో ఏదో చేరినట్టే. అక్కడా నెమ్మదిగానే ఉంటే కంప్యూటర్‌నే అనుమానించాలి. ఈ రెండు నిమిషాల పరీక్షతో సగం టెన్షన్ తీరిపోతుంది.

ఇప్పుడు షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కండి. క్రోమ్‌కి సొంత టాస్క్ మేనేజర్ ఒకటుంది, అది తెరుచుకుంటుంది. క్రోమ్ దాదాపు ప్రతి ట్యాబ్‌నీ, ప్రతి ఎక్స్‌టెన్షన్‌నీ విడివిడిగా నడుపుతుంది కాబట్టి ఎవరెంత తింటున్నారో వరసగా కనిపిస్తుంది. మెమరీ ఫుట్‌ప్రింట్ అన్న శీర్షిక మీద క్లిక్ చేస్తే పెద్ద తిండిపోతు పైకి వస్తుంది.

ఈమధ్య భీమవరంలో రొయ్యల మేత అమ్మే దుకాణంలో నేను ఇలాగే చూశాను. ఆయన తెరిచింది నాలుగే ట్యాబ్‌లు. జాబితాలో అన్నిటికన్నా పైన మాత్రం ఎప్పుడో పీడీఎఫ్ మార్చడానికి వేసుకున్న ఎక్స్‌టెన్షన్ ఉంది. ఒక్క ఫైలు కోసం వేశారు, తర్వాత మరిచిపోయారు. అది మాత్రం తెరిచిన ప్రతి పేజీలోనూ దూరి పనిచేస్తూనే ఉంది. దాన్ని తీసేసి క్రోమ్ మూసి తెరిస్తే ఆయన బిల్లింగ్ పేజీ వెంటనే వచ్చింది. గుర్రపుడెక్క కూడా ఇంతే, మొదట నాలుగు ఆకులు తేలుతున్నట్టే ఉంటుంది.

మీరు కూడా మూడు చుక్కల మెనూలో ఎక్స్‌టెన్షన్స్, అందులో మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్ తెరవండి. గుర్తుపట్టలేనివన్నీ రిమూవ్ చేయండి. అనుమానం ఉన్నవాటిని ఆఫ్ చేసి ఒక రోజు పని చేసి చూడండి. కూపన్లు ఇస్తామనేవి, వీడియోలు డౌన్‌లోడ్ చేస్తామనేవి, హోమ్ పేజీ మార్చేసేవి ముందు తీసేయాలి. ఇవి మీ కస్టమర్లు టైప్ చేసే వివరాలను చదవగల అనుమతులు కూడా తీసుకుని ఉండొచ్చు. నాకు వేగం కన్నా ఈ విషయమే ఎక్కువ భయం.

తర్వాత సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్‌కి వెళ్ళి మెమరీ సేవర్ ఆన్ చేయండి. కాసేపు వాడని ట్యాబ్‌ని అది నిద్రపుచ్చుతుంది. సగం నింపిన దరఖాస్తు పోతుందేమోనని భయపడక్కర్లేదు, నింపుతున్న ఫారం ఉన్న ట్యాబ్ జోలికి వెళ్ళకుండా క్రోమ్ జాగ్రత్తపడుతుంది. సెట్టింగ్స్‌లోనే సిస్టమ్ అనే చోట క్రోమ్ మూసినా బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆపేయండి.

ఇక అందరూ ముందుగా చెప్పే ‘క్లియర్ డేటా’ సంగతి. ఈ సలహా నేనూ ఒకప్పుడు ఆలోచించకుండా ఇచ్చేవాణ్ణి. ఆచంటలో ఉండే మా పిన్ని నా మాట నమ్మి ఫోన్‌లో చెప్పినట్టే అన్ని గడులకూ టిక్ పెట్టి డిలీట్ కొట్టింది. దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ పోయాయి. ఆమె ఖాతాతో సింక్ అయి ఉండటంతో ఫోన్‌లోవి కూడా పోయాయి. ఒక్కొక్కటీ మళ్ళీ రాబట్టుకోవడానికి వారం పట్టింది. అప్పటినుంచి ఈ విషయం విడమర్చి చెప్పకుండా వదలను. కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కితే వచ్చే పెట్టెలో ‘క్యాష్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్’ ఒక్కదానికే టిక్ ఉంచండి. పాస్‌వర్డ్‌లు, కుకీల (సైట్లు మీ లాగిన్‌ని గుర్తుంచుకోవడానికి దాచే చిన్న ఫైళ్ళు) జోలికి వెళ్ళకండి. పైగా క్యాష్ తీసేస్తే వేగం పెరుగుతుందన్న హామీ ఏమీ లేదు. దాచిన బొమ్మల్ని మళ్ళీ దించుకోవాలి కాబట్టి మొదటిసారి పేజీ ఇంకా ఆలస్యంగా వస్తుంది. పేజీ తప్పుగా కనిపిస్తున్నప్పుడు పనికొచ్చే మందు ఇది.

ఇన్ని చేసినా లొంగకపోతే సెట్టింగ్స్‌లో రీసెట్ ఉంది. అది ఎక్స్‌టెన్షన్లను ఆపి, కుకీలు తుడిచి, మొదటి పేజీని మామూలుకు తెస్తుంది. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు అలాగే ఉంటాయి. సైట్లలో మళ్ళీ లాగిన్ అవ్వాలి, అంతే.

గెస్ట్ విండోలోనూ నెమ్మదిగానే ఉందంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి విండోస్ టాస్క్ మేనేజర్‌లో డిస్క్ గడి చూడండి. అది పదేపదే 100 శాతం చూపిస్తుంటే బహుశా మీది పాత తిరిగే హార్డ్‌డిస్క్ అయి ఉంటుంది. 4 జీబీ ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత సరుకును డిస్క్ మీదకి చేరవేస్తుంది. తిరిగే డిస్క్ ఆ రాకపోకలు తట్టుకోలేదు. దాని బదులు తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, అదే ఎస్‌ఎస్‌డీ, వేయించి, వీలైతే ర్యామ్ 8 జీబీ చేయించండి. రెండిట్లో ఒక్కటే కుదురుతుందంటే నేనైతే ముందు ఎస్‌ఎస్‌డీయే వేయిస్తాను.

అడగకపోయినా ఒక మాట చెబుతాను. కస్టమర్ల లాగిన్‌లు ఎప్పుడూ గెస్ట్ విండోలోనే చేయండి. మూయగానే హిస్టరీ, కుకీలు పోతాయి. డౌన్‌లోడ్ చేసిన ఆధార్ కాపీలు మాత్రం కంప్యూటర్‌లోనే ఉండిపోతాయి, వాటిని ఆ రోజుకారోజు తీసేయాల్సింది మీరే.

ప్రశ్న: రాజోలు నుంచి రాస్తున్నాను. ఫోన్‌లో క్రోమ్ తెరిస్తే చాలు, వైరస్ వచ్చిందంటూ నోటిఫికేషన్లు కుప్పలుగా వస్తున్నాయి. ఏంచేయాలి?

జవాబు: అది వైరస్ కాకపోవచ్చు. ఎప్పుడో ఏదో సైట్ అడిగితే ‘అలౌ’ నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి తెలియని సైట్లన్నిటినీ బ్లాక్ చేయండి. ఆ నోటిఫికేషన్ చెప్పిన ‘క్లీనర్’ యాప్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేసుకోవద్దు.

ప్రశ్న: మా తణుకు రైస్ మిల్లులో ఇంకా విండోస్ 7 కంప్యూటరే. క్రోమ్ అప్‌డేట్ అవ్వడం లేదు, కొన్ని సైట్లు తెరుచుకోవడం లేదు.

జవాబు: విండోస్ 7కి వచ్చిన ఆఖరి క్రోమ్ 109వది. 2023 ఫిబ్రవరి నుంచి కొత్తవి ఆగిపోయాయి. అందులో బ్యాంకు పనులు చేయకండి. విండోస్ 10కి మామూలు సపోర్టు కూడా 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, కొత్తది కొనేటప్పుడు విండోస్ 11 ఉన్నదే అడగండి. పాత మెషీన్‌ని నెట్‌కి కలపకుండా కాటా లెక్కలకు వాడుకోవచ్చు.