వీడియోలు చూసి హీబ్రూ నేర్చుకోబోయే చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

హీబ్రూ మొదలుపెడుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. యూట్యూబ్‌లో పైసా ఖర్చు లేకుండా కావలసినన్ని పాఠాలున్నాయి. చిక్కు కూడా అక్కడే ఉంది. నాలుగు ఛానెళ్లలో మొదటి పాఠాలే తిప్పి తిప్పి చూసి, ఎక్కడా పదో పాఠం దాకా వెళ్లనివాళ్లు చాలామంది. ఒక్క వరస పట్టుకో, అది అయ్యేదాకా వదలకు.

ఆ వరస ఎంచుకునే ముందే ఒకటి తేల్చుకో. నీకు కావలసింది బైబిల్ పాత నిబంధన చదవడమా, ఇజ్రాయెల్‌లో ఇవాళ మాట్లాడే భాషా? లిపి ఒకటే, మాటలు చాలావరకు ఒకటే, క్రియల నడక మాత్రం వేరు. ఆదికాండంలో పదే పదే వచ్చే ‘వయ్యోమెర్’ అంటే ‘పలికాడు’ అని. నేటి భాష మాత్రమే నేర్చినవాడికి అదే రూపం ‘పలుకుతాడు’ అన్నట్టు కనిపిస్తుంది. రెండూ కలిపి మొదలుపెడితే ఏదీ కుదురుగా రాదు.

అక్షరాలు 22, కుడి నుంచి ఎడమకు రాయాలి. కాఫ్, మేమ్, నూన్, పే, త్సాదీ అనే అయిదింటికి మాట చివర వేరే రూపం ఉంటుంది. రోజుకు నాలుగు చొప్పున చేత్తో రాస్తే వారంలోపు అయిపోతాయి. తడబాటంతా పోలికలున్న అక్షరాలతోనే. దాలెత్‌కు పైన కుడి మూల కోసుగా బయటికి పొడుచుకొస్తుంది, రేష్‌కు అదే మూల గుండ్రంగా తిరుగుతుంది. హే ఎడమ కాలికీ పైగీతకూ మధ్య సందు ఉంటుంది, హేత్‌కు ఉండదు. ఇలాంటి జంటల్ని పక్కపక్కన రాసి పోల్చుకో.

త్సాదీ పలకడం నీకు సులువు, ‘చాప’, ‘చుక్క’ అనేటప్పటి చ అది. హేత్ మాత్రం గొంతు లోపల గరగరలాడే ధ్వని. దాన్ని ‘ఖ’ అని రాసుకుంటే మన ఖ యే నోట్లో స్థిరపడిపోతుంది. అందుకే ఉచ్చారణ తెలుగులో రాసుకునే అలవాటు అక్షరాలు వచ్చిన రోజునే మానెయ్.

అచ్చులకు అక్షరాల కింద, పైన చుక్కలు, గీతలు పెడతారు. పత్రికల్లో, మామూలు పుస్తకాల్లో అవి ఉండవు. సామెఖ్, పే, రేష్ అని మూడక్షరాలు వరుసగా కనిపిస్తే అది ‘సేఫెర్’ (పుస్తకం) కావచ్చు, ‘సపార్’ (మంగలి) కావచ్చు, సందర్భమే చెప్పాలి. మొదట్లో చుక్కలు చూపే వీడియోలే చూడు.

అయిదారు నిమిషాల పాఠం ఒకటి తీసుకుని మూడుసార్లు విను. మొదటిసారి ఆపకుండా. రెండోసారి వేగం 0.75కు తగ్గించి, వాక్యం వాక్యానికీ ఆపి పైకి పలుకు. మూడోసారి తెర చూడకుండా విన్నది రాసి, తర్వాత సరిచూసుకో. ఈ మూడోది బద్ధకమనిపిస్తుంది, కానీ చదువు ఒంటబట్టేది దానితోనే. మర్నాడు కొత్త పాఠానికి ముందు పాతది ఒకసారి పైకి చదువు.

వీడియోల్లో నేర్చుకునేవాళ్లకు ఒక ప్రమాదం ఉంది. హీబ్రూలో ‘నేను నేర్చుకుంటున్నాను’ అనడానికి మగవాడు ‘అనీ లోమెద్’ అనాలి, ఆడమనిషి ‘అనీ లోమెదెత్’ అనాలి. తెర మీద చెప్పేది ఆవిడైతే, ఆమె మాట యథాతథంగా అప్పగించే కుర్రాడికి తప్పు రూపమే వస్తుంది. పాఠం చెప్పేవారెవరైనా, నీకు తగిన రూపం మార్చుకుని పలుకు.

మాటల్ని ధాతువుతో, అంటే వాటికి మూలమైన అక్షరాలతో, కలిపి రాసుకో. కాఫ్, తావ్, బేత్ మూడూ ‘రాయడం’. అందులోంచే ‘మిఖ్తావ్’ (ఉత్తరం), ‘క్తోవెత్’ (చిరునామా) పుట్టాయి. ధాతువు చివరి బేత్ ఈ రెంటిలోనూ ‘వ’ గా పలుకుతుంది చూడు.

అంకెల పాఠం దగ్గర తొందరపడకు. మూడు నుంచి పది దాకా ‘ఆ’ తో ముగిసే రూపం పుంలింగ నామాలకు వస్తుంది. ‘ష్లోషా యెలదీమ్’ ముగ్గురబ్బాయిలు, ‘షలోష్ బనోత్’ ముగ్గురమ్మాయిలు. అంకెను ఒంటరిగా కాకుండా ఇలా నామంతో జతచేసే కంఠస్థం చెయ్యి.