సుడిదోమ మందుకు లొంగక కాదు, మందుల వల్లే పెరిగింది

ప్రశ్న: ఆరు ఎకరాల్లో సాంబ మసూరి (బీపీటీ 5204) వేశాను. నాటి 70 రోజులైంది. 20వ రోజున ఆకుముడతకు ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసిన మందు, 38వ రోజున లాంబ్డా సైహలోత్రిన్ కొట్టాను. తర్వాత దోమ కనపడితే ఇమిడాక్లోప్రిడ్, వారానికి దాంతోపాటు ఎసిఫేట్ కలిపి కొట్టాను. అయినా చేను మధ్యలో సుడులు సుడులుగా ఎండిపోతోంది. మందులు కల్తీవని అనుమానం. ఇంతకంటే ఘాటైనది చెప్పండి.
– ఒక రైతు, కృష్ణా జిల్లా

జవాబు: కల్తీ సంగతి తర్వాత. మీరు రాసిన క్రమం చూస్తే ఆ మందులన్నీ అసలైనవే అయినా చేను ఇలాగే ఎండేది. సుడిదోమను (వరి దుబ్బు మొదళ్లలో చేరి రసం పీల్చే చిన్న పురుగు) పెంచింది మీ మొదటి రెండు పిచికారీలే.

ఒక ఆడ దోమ సుమారు 200 గుడ్లు పెడుతుందనుకోండి. అందులో సగం, అంటే 100, ఆడవి. మామూలు చేలో సాలెపురుగులు, మిరిడ్ నల్లులు చాలావాటిని తినేస్తాయి. ఆ 100లో రెండే బతికితే మూడు తరాలకు ఒక్క దోమ 8 అవుతుంది. తినేవాళ్లు లేక పది బతికితే మూడు తరాలకు 1,000. గుడ్లు పెట్టడంలో తేడా ఏమీ లేదు, బతికే పిల్లల సంఖ్యే మారింది. తరానికి నెల కూడా పట్టదు కాబట్టి నాట్ల నుంచి కోత లోపు ఆ మూడు తరాలూ వస్తాయి.

సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్లు ముందుగా చంపేది ఈ మిత్రపురుగులనే. దోమ గుడ్లు కాండాన్ని చుట్టుకున్న ఆకు తొడుగు లోపల ఉంటాయి, వాటికి మందు తగలదు. వారం, తొమ్మిది రోజుల్లో పిల్లలు బయటికొచ్చేసరికి చేలో వాటిని తినేవాళ్లు ఉండరు. దుబ్బుల మీద తిరిగే పచ్చటి మిరిడ్ నల్లిని కూడా పురుగేనని మందు కొట్టే రైతులున్నారు. అది బతికేదే దోమ గుడ్ల మీద.

నాటిన 20 రోజులకు ఆకుముడత కనిపిస్తే అసలు మందే అక్కర్లేదు. కొత్త ఆకులు, పిలకలు వచ్చి పైరు తేరుకుంటుంది. ఆ మందు ఎవరు చెప్పారో మీరు రాయలేదు గానీ ఊహించగలను. షాపులో డీలరు మీ చేను చూడడు, దుబ్బు లెక్కపెట్టడు, రెండు డబ్బాలు కలిపి చేతిలో పెడతాడు. పురుగు పెరిగితే మళ్లీ అతని దగ్గరికే వెళ్తారు. దయచేసి ఈ అలవాటు మానండి. ఇండోనేషియాలో ఇదే సుడిదోమ పంటల్ని తుడిచిపెడుతుంటే 1986లో ప్రభుత్వం వరిలో 57 పురుగుమందుల్ని నిషేధించింది. మందులు తగ్గించినందుకు అక్కడ వరి దిగుబడి పడిపోలేదు.

ఇక ఇప్పుడు చేయాల్సింది. రేపు ఉదయం గట్టు మీద నిలబడి కాకుండా లోపలికి దిగి, అక్కడక్కడా 20 దుబ్బులు వంచి మొదళ్లు తట్టి లెక్కపెట్టండి. మీ పైరు దశలో దుబ్బుకు 20–25 దోమలు దాటితేనే మందు. సాలెపురుగులు, మిరిడ్ నల్లులు బాగా కనిపిస్తే రెండు రోజులాగి మళ్లీ లెక్కపెట్టండి.

దాటితే ముందు నీరు తీసేయండి. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల పాయలు (ఖాళీ బాటలు) తీయండి, మొదళ్లకు గాలి, వెలుతురు తగలాలి. పైమెట్రోజిన్ 50 డబ్ల్యూజీ ఎకరాకు 120 గ్రాములు, 200 లీటర్ల నీటిలో. నాజిల్ మొదళ్ల వైపు ఉండాలి, ఆకుల మీద కొడితే డబ్బు దండగ. ఇది దోమ రసం పీల్చడాన్ని ఆపుతుంది, చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మర్నాడు దోమలు కనిపించాయని ఇంకోటి కొట్టకండి. పదో రోజున లెక్క మళ్లీ దాటితే ట్రైఫ్లుమెజోపైరిమ్ 10 ఎస్‌సీ ఎకరాకు 94 మిల్లీలీటర్లు. దేనిలోనూ ఇంకో మందు కలపొద్దు. ఇమిడాక్లోప్రిడ్‌ను సుడిదోమ చాలాచోట్ల తట్టుకుంటోంది, దాన్ని వదిలేయండి. యూరియా ఇక గింజ కూడా వేయొద్దు. మెత్తటి పైరులో దోమ ఇంకా వేగంగా పెరుగుతుంది.

ఎండిన సుడుల్లో మందు కొట్టి లాభం లేదు, అంచుల్లోని పచ్చ దుబ్బుల మీద దృష్టి పెట్టండి. దుబ్బులో రసం అయిపోయి దోమలు కిక్కిరిసినప్పుడు పొడవు రెక్కలవి పుట్టి పక్క చేలకు ఎగిరిపోతాయి. సంఖ్య దానంతటదే తగ్గుతుందని చూస్తూ కూర్చుంటే అప్పటికి మీకు గడ్డే మిగులుతుంది, పొరుగువాళ్లకు దోమ చేరుతుంది. అందుకే ఈ లెక్క పక్క రైతులతో కూడా పెట్టించండి.

వచ్చే ఖరీఫ్‌కు సుడిదోమను తట్టుకునే ఇంద్ర (ఎంటీయూ 1061), అమర (ఎంటీయూ 1064) విత్తనం చూడండి. సాంబే కావాలంటే నాటేటప్పుడే పాయలు వదలండి. నాటిన 40 రోజుల దాకా ఆకుముడతకు మందు డబ్బా తెరవకండి.